ఇన్నయ్య కన్నా ముందు

"మీ దరఖాస్తుకు అభ్యంతరం వచ్చిందండీ," అన్నాడు ఖమ్మంలో పేటెంట్ల వ్యవహారాలు చూసే ప్లీడరు ఉదయ్ భాస్కర్, పేటెంట్ ఆఫీసు నుంచి వచ్చిన పరిశీలన నివేదిక తిరగేస్తూ. "ఇప్పగింజల పొట్టు తీసే ఈ యంత్రాన్ని మీకన్నా ముందే ఒకాయన చేశాడట. కొత్తది కానిదానికి పేటెంట్ ఇవ్వరు."

ఇల్లందులో వెల్డింగ్ షాపు నడిపే ఇన్నయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. ఆరేళ్ళు పాత ఇనుముతో కుస్తీ పట్టి చేసిన యంత్రం అది.

"ఎవడు సార్ వాడు?"

"పేపర్లో ఫొటోతో సహా వచ్చిందట. కటింగ్ జతచేశారు." ప్లీడరు దానివైపు చూడకుండానే అందించాడు.

ఇన్నయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఫొటోలో యంత్రం పక్కన పూలదండతో నిలబడ్డది తనే.

"ఇది నేనే గద సార్! అధికారులే పిలిచి ప్రదర్శనల పెట్టమన్నరు. దండేసి చప్పట్లు గూడ కొట్టిండ్రు."

ప్లీడరు ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"దరఖాస్తుకు ముందే లోకానికి చూపిస్తే అది పాతదైపోతుందండీ. మీరే చూపించినా సరే."

"అంటే నా యంత్రాన్ని నాకన్నా ముందు నేనే చేసిన్నా?"

"చట్టం లెక్కన అంతే. ఇక దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు."

"నేను గూడనా?"

"మీరు కూడా."

ఏడుపు రావలసిన చోట ఇన్నయ్యకు నవ్వు వచ్చింది.

"దీన్ని మొదలు చేసినోడు ఇన్నయ్యేనని సర్కారే సంతకం పెట్టి పంపింది గదా సార్. పేటెంట్ ఇచ్చినా గంతకన్న ఏం రాస్తరు? ఆ కాయితం ఇటియ్యుండ్రి, పటం కట్టించి షాపుల పెడత."