గురి కుదిరే పిస్తోలు

"మా చిన్నదాన్ని నీకెందుకు చూపిస్తాను? పో ఇక్కణ్ణుంచి," అన్నాడు ఓతకర్, తుపాకుల మోత వినపడకుండా చెవులకి పెట్టుకున్న డిప్పలు తియ్యకుండానే.

కౌంటర్‌కి అవతల నిలబడ్డ ద్రహోమీర చెయ్యి చాచి ఒక డిప్ప పక్కకి లాగింది. "మీ చిన్నదాని మొహం ఎవరికి కావాలి? చిన్నది చూపించమన్నాను. పిస్తోలు. కోటు జేబులో పట్టేది."

ఓతకర్ డిప్పలు తీసి బల్లమీద పెట్టాడు. మాజీ భార్య వచ్చి 'నీ ప్రియురాల్ని చూపించు' అనడం కంటే 'పిస్తోలు చూపించు' అనడం ఏ విధంగా మేలో అతనికి బోధపడలేదు. వాళ్ల కాపురం కాల్పుల విరమణ లేకుండానే ముగిసి పదహారు నెలలైంది.

శనివారం పొద్దున్న. జ్నోయ్మో ఊళ్లో ఎవడూ పత్రికలు చదివి పిస్తోలు కొనడు. ఓతకర్ తుపాకుల కొట్లో కౌంటర్‌కి మోచేతులు ఆనించి, మడ్డి కాఫీ చప్పరిస్తూ, అక్కడ చెవిన పడ్డ మాటని బట్టి కొంటాడు. ఓతకర్ 'ఊ' అంటే ఆ బ్రాండు పండినట్టు, 'ఊహూ' అంటే ఎండినట్టు. ఆ పూట కౌంటర్ మీద ఎనిమిది మోచేతులున్నాయి. నలుగురూ కాఫీ తాగడం మానేశారు.

"లైసెన్సు?" అన్నాడు ఓతకర్.

ఆవిడ కార్డు తీసి బల్లమీద చరిచింది. అన్నీ సక్రమంగా ఉన్నాయి. అదే అతన్ని భయపెట్టింది.

"దేనికి?"

"కాల్చడానికి. ఉల్లిపాయలు తరగడానికి కత్తి ఉంది నా దగ్గర."

"ఎంత దూరంలో ఉన్నదాన్ని?"

ఆవిడ తనకీ అతనికీ మధ్య ఉన్న జాగా కళ్లతోనే కొలిచింది. "ఇదిగో, ఇంత."

ఓతకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కార్డు బాగున్నప్పుడు అమ్మనని చెప్పడానికి సాకు లేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి, కొనబుద్ధి కాకుండా చెయ్యడం.

"ఈ రిసెక్ ఎలాంటిది?" అద్దం మీద వేలు పెట్టి అడిగింది ఆవిడ.

"దండగ. మూడో తూటాకే ఇరుక్కుంటుంది."

రిటైరైన రైలు డ్రైవర్ హుబాచెక్ తలెత్తాడు. రిసెక్ కొందామని ఠాణాకి నాలుగుసార్లు తిరిగి అనుమతి కాగితం తెచ్చుకున్నవాడు. "అదేంటబ్బాయ్, నిన్ననేగా బంగారంలాంటిదన్నావు."

"నిన్న నిన్నే, హుబాచెక్ గారూ."

"పోనీ, ఈ తుర్కోని?" అంది ద్రహోమీర.

"ఇటలీ సరుకు. చూస్తే సోకు, కాలిస్తే షాకు. ఏడాది తిరిగేసరికి స్ప్రింగు సాగిపోతుంది."

"నువ్వు ఆ మాత్రం కూడా ఆగలేదు," అంది ఆవిడ.

మోచేతులవాళ్లు కిసుక్కుమన్నారు. వాళ్లలో ఒకడు, అప్పటిదాకా తుర్కోనిని చేతిలో అటూ ఇటూ తిప్పి మురిసిపోతున్నవాడు, వేడి పెనం ముట్టుకున్నట్టు దాన్ని కిందపెట్టేశాడు. హుబాచెక్ అనుమతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో తోసేశాడు. రెండు బేరాలు కళ్లముందే జారిపోతున్నాయని ఓతకర్‌కి తెలుస్తూనే ఉంది. కానీ అతని చూపు ఆవిడ కోటు జేబు మీంచి కదలడం లేదు.

"ఇన్ని పెట్టుకుని, నమ్మకంగా పేలేది ఒక్కటీ లేదా నీ కొట్లో?"

"లేదు."

"నమ్మకం గురించి నీ దగ్గర వాకబు చేస్తున్నాను చూడు, నాదీ ఒక బుర్రే." ఆవిడ కౌంటర్ మీదకి వంగింది. "పదకొండేళ్లు నీ అబద్ధాలు విన్నాను, ఓతా. ఒక్క నిజం చెప్పి పుణ్యం కట్టుకో. మొరాయించని చిన్న పిస్తోలు ఏది? మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు."

ఓతకర్ బుర్ర చురుగ్గా పనిచేసింది. తన దగ్గర లేనిది చెబితే పీడ విరగడౌతుంది.

"లిండ్‌హోల్ట్," అన్నాడు. "మా అమ్మ మీద ఒట్టు. ఆరువందల తూటాలు కాల్చి చూశాను, ఒక్కటి ఇరుక్కుంటే ఒట్టు. బురదలో పడేసి తీసినా పేలుతుంది. నాకే దానిమీద గురి కుదిరిందంటే ఆలోచించుకో."

"నిజంగా?"

"నిజంగా. దాని ముందు నా కొట్లో ఉన్నవన్నీ బొమ్మలు. కానీ నా దగ్గర లేదు. ఈ జిల్లాలోనే దొరకదు. ప్రాగ్ వెళ్లు." ప్రాగ్ అంటే మూడు గంటల ప్రయాణం. మూడు గంటల్లో ఎంతటి కోపమైనా కాస్త చల్లారకపోదు.

ద్రహోమీర కార్డు జేబులో వేసుకుని అతని నుదుటి వైపు చూసింది. "ఆ చెమటలేంటి?"

"నువ్వు వచ్చింది నన్ను కాల్చడానికేగా?" నోరు జారింది ఓతకర్‌కి.

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "నిన్నా? నీకు తూటా ఖర్చు కూడానా?"

మోచేతులన్నీ ఒక్కసారి ఊగిపోయాయి. హుబాచెక్ కళ్లు తుడుచుకున్నాడు. బతికిపోయినందుకు ఓతకర్ కూడా నవ్వాడు.

"మరి పిస్తోలు దేనికి?" అడిగాడు హుబాచెక్.

"నాకు కాదండీ, సరుకు పెట్టడానికి," అంది ఆవిడ, నలుగురి వైపూ తిరిగి. "లిండ్‌హోల్ట్‌వాళ్లు ఏజెన్సీ ఇస్తామన్నారు. అది నమ్మదగ్గదో కాదో తెలియక సంతకం పెట్టకుండా ఆపాను. పోటీకొస్తున్నానని చెబితే ఈయన నిజం చెప్పడు కదా, అందుకే కొనేదానిలా అడిగాను. ఈయన మీ అందరి ముందూ తల్లి మీద ఒట్టేశాడు గనక, సోమవారం పక్క వీధిలో నా కొట్టు తెరుస్తున్నాను, తప్పకుండా రండి."