లావెండర్ చేతులు

"నూనె రాసుకున్నావా?" అన్నాడు భర్త, కొట్టం గుమ్మంలో నిలబడి.

ఆమె తలూపింది. అంటురోగం సోకిన మందలో మిగిలింది ఎర్రావు ఒక్కటే. ఈ వారంలో ఐదింటిని పశువుల డాక్టరు సూది వేసి సాగనంపాడు; ఇవాళ దీని వంతు, ఆయన కొట్టం లోపల సూదిలో మందు ఎక్కిస్తున్నాడు. అవి బెదరకుండా, వాసనతో నెమ్మదింపజేసే లావెండర్ నూనె రాసుకున్న అరచేతుల్ని ప్రతిదాని మూతి దగ్గరా పెట్టింది ఆమే.

"రా తల్లీ," అంటూ తాడు విప్పి చేతులు చాపింది.

ఎర్రావు ఒక్కసారి వాసన చూసి గోడకు అంటుకుపోయింది. ఒళ్లంతా గజగజ వణుకుతోంది.

"అదేంటే! నువ్వంటే ప్రాణం పెట్టేది కదా?" అన్నాడు భర్త.

ఆమె తన అరచేతుల్ని వాసన చూసుకుంది. "ఈ వాసన వచ్చినప్పుడల్లా పక్కనున్నది కూలిపోవడం చూసిందయ్యా. మామూలు రోజుల్లో ఒక్కసారైనా ఈ నూనె రాసుకుని దాని దగ్గరికి వెళ్లుండాల్సింది."

తొట్టి దగ్గరికి పరుగెత్తి, సబ్బుతో మూడుసార్లు తోముకుంది. వాసన వదల్లేదు.

తిరిగి లోపలికి అడుగుపెట్టగానే ఎర్రావు ఆమెను తప్పించుకుని పోయి డాక్టరు వెనక దాక్కుంది. ఆయన భుజం మీద మూతి ఆనించింది.

సూది పట్టుకున్న డాక్టరు తల దించుకున్నాడు. "అమ్మా, మీరు కాస్త బయటికి వెళ్తారా? నా దగ్గర నెమ్మదిగానే ఉంది."

ఆమె చేతులు వెనక్కి దాచుకుని బయటికి నడిచింది.