ఎడం చక్రం

లాజరును మోటారుసైకిలు మీద ఇద్దరి మధ్య ఇరికించి తెచ్చారు. దిగీ దిగగానే శ్రీనివాసరాజు చాచి కొట్టాడు. లాజరు చేపలచెరువు గట్టు మీద వెల్లకిలా పడ్డాడు. పక్కనే ట్రాక్టరుతో లాక్కొచ్చి వదిలేసిన జీపు ఉంది. చక్రాల నిండా గోదావరి ఇసుక.

"లేచి చూడరా. ముందు చక్రాలు ఎందుకు లాగలేదో నువ్వే చూసి నువ్వే చెప్పు."

రావులపాలెం చుట్టుపక్కల ఇలాంటి జీపులు బాగుచేసేది లాజరే. జీపు జగన్నాథరాజుది. ఆయన శ్రీనివాసరాజుకు అన్న. కాస్త ఎడంగా తవుడు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు.

కిందటి వారం ఆయన కూతురు సుప్రజ ఫిన్నీతో వెళ్ళిపోయింది. ఫిన్నీ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. లాజరు వెళ్ళేదీ ఆ చర్చికే. ఇద్దరూ గోదావరి మధ్య లంకలో, అవతలి రేవు దగ్గర పాకలో ఉన్నారని నిన్న కబురు తెలిసింది. తెల్లవారగానే అన్నదమ్ములు జీపెక్కారు. వెనక నలుగురు మనుషులు, కాళ్ళ కింద కత్తులు. ఇద్దర్నీ అక్కడే నరికి ఇసుకలో పూడ్చేయాలని శ్రీనివాసరాజు తేల్చేశాడు. అన్నగారు కాదనలేదు.

లంకలో సగం దూరం వెళ్ళేసరికి జీపు దిగబడింది. వెనక చక్రాలు గోతులు తవ్వుకుంటూ పోయాయి. ముందు చక్రాలు కదల్లేదు. కత్తులు పట్టుకుని ఇసుకలో పరిగెత్తారు. రేవుకు చేరేసరికి ఆ ఇద్దరూ ఎక్కిన పడవ నడిగోదారిలో ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడను కూడా లేదని ఒకడు అన్నాడు. వాణ్ణీ కొట్టాడు శ్రీనివాసరాజు.

లాజరు మూతి తుడుచుకుని జీపు కింద జాకీ పెట్టాడు.

ఆ జీపుకు ముందు చక్రాలు కూడా లాగాలంటే లోపల లీవరు వేస్తే చాలదు. కిందికి దిగి, చక్రాల మధ్యనున్న హబ్బుల్ని చేత్తో లాక్ వైపు తిప్పాలి. ఒక్క హబ్బు పట్టకపోయినా రెండో చక్రం కూడా లాగదు. పొద్దున రెండూ తిప్పింది శ్రీనివాసరాజే.

కుడి చక్రం లేపి తిప్పారు. దాంతోపాటు లోపలి ఇరుసు కూడా తిరిగింది. ఎడం చక్రం తిప్పారు. చక్రం ఒక్కటే తిరిగింది. ఇరుసు ఉన్నచోటే ఉంది.

"విప్పు," అన్నాడు శ్రీనివాసరాజు.

బోల్టులు ఊడాయి. లోపల కొత్త గ్రీజు ఉంది. పళ్ళ రింగు ఉంది. రింగును నెట్టి ఇరుసుకు పట్టించే స్ప్రింగు లేదు.

"విరిగిపోయుంటదండి."

"విరిగితే ముక్కలేవిరా? గ్రీజులో ఉండాలిగా. నిన్న సాయంత్రం ఈ గ్రీజు పెట్టింది నువ్వేగా?"

లాజరు చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకోబోయాడు.

శ్రీనివాసరాజు డొక్కలో తన్నాడు. పడ్డవాణ్ణి లేపించి మళ్ళీ తన్నాడు. వీల్ స్పానరుతో మోకాళ్ళ మీద కొట్టాడు. ఎవరు తీయించారని అడుగుతూ కొట్టాడు. ఫిన్నీగాడా, వాళ్ళ నాన్నా, పాస్టరా అని ఒక్కో పేరూ చెబుతూ ఒక్కో దెబ్బ వేశాడు. వాళ్ళకేమీ తెలీదని మాత్రం అంటున్నాడు లాజరు. దెబ్బ దెబ్బకీ నెత్తురు ఉమ్ముతున్నాడు.

నలుగురూ పట్టుకుని అతని కుడిచేతిని టైరు మీద ఆనించారు. శ్రీనివాసరాజు కొబ్బరికాయల కత్తి తీశాడు. చిటికెనవేలు తెగి గడ్డిలో పడింది. లాజరు కేకకు చెరువు మీది కొంగలు లేచిపోయాయి.

కత్తి పక్క వేలు మీదికి వచ్చింది.

"చెప్తానండి, చినరాజుగారండీ. పిల్లలున్నోణ్ణండి. చేతులు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదండి. చెప్పేస్తాను."

శ్రీనివాసరాజు కత్తి ఎత్తాడు.

"చెప్పు."

లాజరు తలెత్తాడు. అప్పటికే జగన్నాథరాజు బస్తాల మీంచి లేచి వచ్చాడు. చేతిలో జాకీ రాడ్డు ఉంది. లాజరు నోరు తెరవగానే దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"ఏంటన్నయ్యా ఇది? చెప్తానంటున్నాడుగా."

"ఏం చెప్తాడ్రా? నా కూతురి పేరు వీడి నోటెంట వినమంటావా నన్ను?"

మళ్ళీ నోటి మీదే కొట్టాడు. పళ్ళు రాలాయి. మళ్ళీ కొట్టాడు. పాలేరును కూడా ఎన్నడూ ఒక్క మాట అననివాడు. మనుషులు నలుగురూ లాజరును వదిలేసి వెనక్కి జరిగారు. చివరికి శ్రీనివాసరాజే కత్తి పారేసి, అన్నను నడుం దగ్గర పట్టుకుని లాగవలసి వచ్చింది.

"చస్తాడు, వదిలెయ్ అన్నయ్యా. ఇక చాలు."

లాజరు కింద దవడ పక్కకు వేలాడుతోంది. ఇంకేం అడిగినా వాడి నుంచి మాట రాదని శ్రీనివాసరాజుకు అర్థమైంది. ఆటోలో వేసి రాజమండ్రి తీసుకుపొమ్మన్నాడు. జాకీ జారి జీపు మీద పడిందని ఆసుపత్రిలో చెప్పమన్నాడు. కన్నతండ్రి కడుపుమంట ముందు మన కోపం ఎంత అని మనుషులతో అన్నాడు.

ఆటో ఎక్కిస్తుంటే లాజరు మూసుకుపోని ఒక కంటితో జగన్నాథరాజును చూశాడు. ఆయన తల తిప్పుకున్నాడు.

నిన్న సాయంత్రం జీపును ఒంటరిగా షెడ్డుకు తోలుకొచ్చి, "రేపు ఇది ఇసుక దాటకూడదు లాజరూ, నా పిల్ల బతకాలి" అంటూ అతని గ్రీజు చేతులు రెండూ పట్టుకుని ఏడ్చినవాడు జగన్నాథరాజే.