వదినగారి రాగిపిల్లి

"మూడు నెలలు ఊళ్లు తిరిగొస్తాను. దీనికి ఏమైనా అయిందో, నిన్నే అడుగుతాను," అంటూ వదినగారు పిల్లిబుట్టని గుమ్మంలో దించింది.

మరదలి గుండెలో రాయి పడింది.

రాణి అంటే మామూలు పిల్లి కాదు. తెచ్చిన కొత్తలో కాటుకలా ఉండేదట. వదినగారి చేతిలో పడ్డాక తోమిన రాగిచెంబులా తయారైంది. ఆ రంగు చూడటానికి జనం వచ్చేవారు. మూగజీవాల పెంపకం మీద ఆవిడ సభల్లో ఉపన్యాసాలు కూడా దంచేది. చుట్టాలు కూడితే చాలు, తమ్ముడి పెళ్లానికి ఒక చురక అంటించేది.

"పెంచడం అందరికీ చేతకాదు. కొందరి చేతిలో బంగారం పెట్టినా ఇత్తడవుతుంది."

ఇప్పుడా బంగారం తన చేతికే వచ్చింది.

"ఏం పెట్టమంటారు వదినా?"

"ఉడికించిన గుమ్మడి, క్యారెట్. నీచు వాసన సోకకూడదు. పగలంతా ఎండ పడే కిటికీలో కూర్చోబెట్టు. రంగు తేలేది అక్కడే."

మరదలు కొన్నాళ్లు తు.చ. తప్పలేదు. ఒకనాడు చేపలు వేయిస్తుంటే రాణి కిటికీలోంచి దూకొచ్చి కాళ్లకు చుట్టుకుంది. చూడనట్టు ఊరుకుందామనుకుంది. చెయ్యి ఊరుకోలేదు. ఒక ముక్క జారింది. మర్నాడూ జారింది. ఆపైన జారడం అలవాటైపోయింది. పిల్లి కిటికీ మానేసి మంచం కిందికి చేరినా ఆమె కదిలించలేదు.

కొన్ని వారాలకు, దువ్వుతుంటే మెడ దగ్గర నల్లగా కనిపించింది. మసి అనుకుని తుడిచింది. పోలేదు. చూస్తుండగానే ఆ నలుపు వీపంతా పాకింది.

"కొంప మునిగిందండీ! నీచు పెట్టి రంగు పోగొట్టాను," అని భర్త దగ్గర ఏడ్చింది.

ఆయన పిల్లిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గోరింటాకు పెడదామా?"

"పిల్లికా?"

"పోనీ, అక్క కళ్లజోడు దాచేద్దాం."

మళ్లీ గుమ్మడి పెట్టి చూసింది. రాణి మూతి తిప్పుకుంది. గిన్నె ముందు కూర్చుని ఆమె మొహంలోకే చూసింది.

"సరేలే, తిట్లు నేను తింటాను. నువ్వు చేప తిను," అంది మరదలు.

వదినగారు తిరిగొచ్చిన రోజు, నిగనిగలాడే నల్లపిల్లి ఒకటి ఎదురెళ్లి ఆవిడ కాళ్లకు రాసుకుంది.

"ఛీ, ఇదెవరిది? నా రాణి ఏదే?"

"ఇదే వదినా..."

ఆవిడ సోఫాలో కూలబడింది. తేరుకోగానే పిల్లిని బుట్టలో కుక్కి, మరదల్ని రెక్క పుచ్చుకుని జంతువుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"దీనికి ఏం జబ్బు అంటించిందో చెప్పండి డాక్టరుగారూ! నలుగురిలో ఈవిడ బండారం బయటపెడతాను." ఫోనులో పాత ఫొటో తీసి ఆయన ముక్కు కింద పెట్టింది.

మరదలు తల దించుకుని గోళ్లు గిల్లుకుంది.

డాక్టరు రాణి పొట్ట తడిమాడు. చిగుళ్లు చూశాడు. బొచ్చు పాయలు తీసి చూశాడు.

"తిండేమిటి?"

"నా దగ్గర శుభ్రంగా గుమ్మడి, క్యారెట్. ఈ మహాతల్లి దగ్గర చేపలు!"

డాక్టరు ఫొటో వంక కాసేపు చూసి, ఫోను ఆవిడ చేతికే ఇచ్చేశాడు.

"జబ్బు ఈ ఫొటోలో ఉందమ్మా, నల్లపిల్లి ఇలా రాగిరంగుకు తిరిగిందంటే అది పెంపకం గొప్ప కాదు, ఆకలి."