చెదలు తిన్న చోటు

హైమవతి జాతీయ పత్రాగారానికి అధిపతి. చెదలు తిన్న చోట తెల్లకాగితం అతికించి ఖాళీగా వదిలేయడం ఆమె జీవితమంతా పాటించిన పద్ధతి. ఇప్పుడా పని, పత్రాలను తెర మీద చూపించే యంత్రానిది. దానికి ఖాళీ గిట్టదు. ఎవరు ఏ పేరు కోసం అడిగితే ఆ పేరుతో పూడ్చేస్తుంది. దాన్ని ఆపమని రాస్తే, జనం సంతోషంగానే ఉన్నారు కదా అని పైనుంచి జవాబొచ్చింది.

ఆ పొద్దున ఒక ముసలాయన పాత తుపాను మృతుల పత్రంలో తన అన్న కోసం అడిగాడు. చెదలు తిన్న ఆఖరి వరసలో అన్న పేరు వెలిగింది. ఆయన తెరను కళ్ళకద్దుకుని వెళ్ళాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఆ తుపానులోనే తప్పిపోయిన నాన్న ఫొటోకి దండ వేసి ఉంది. ఆయన పోయినట్టు రుజువు లేదని ఇన్నేళ్ళూ చెరపని బొట్టు అమ్మ నుదుట లేదు.

"ఫోన్లో మీ యంత్రాన్ని అడిగానే. మీ నాన్న పేరు ఆఖరి వరసలో ఉంది," అంది అమ్మ. "ఇక ఎదురుచూడక్కర్లేదు. వేణ్ణీళ్ళు పెట్టాను, తలకి పోసుకుని రా."

హైమవతి కదల్లేదు.

"నువ్వూ చూశావుగా? నువ్వు చెబితే నమ్ముతాను."

"చూశానమ్మా," అంది హైమవతి, తువ్వాలు తీసుకుంటూ.