నడుముకు తాడు

రెండో వేటుకే ఫైబర్ పడవ పక్క చీలింది. రేవతి మళ్లీ గొడ్డలి ఎత్తేసరికి మరిది పెంచలయ్య వెనక నుంచి పట్టుకుని ఆమెను ఇసుకలోకి విసిరేశాడు.

"పిచ్చి పట్టిందా వదినా? రెండు కొంపలకి కూడు పెట్టే పడవ ఇది."

ఆమె లేచి పడవ మీదికే పోబోయింది. అతను చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం కారింది.

"అన్నకి కేన్సరని చెప్పినకాడి నుంచి నీ బుర్ర చెడింది."

"అంత రోగంతో ఒక్కడే వేటకి పోతన్నాడు. ఎందుకో అడుగు."

రేవతి మొగుడు హజరత్తయ్య మోకాటి లోతు నీళ్లలో తల దించుకుని నిలబడ్డాడు.

ఆమె నీళ్లలోకి దిగి అతని చొక్కా పట్టి చించింది. ఎముకలు తేలిన నడుముకు నైలాన్ తాడు చుట్లు చుట్లుగా బిగించి ఉంది.

పెంచలయ్య ఆ తాడు వైపు చూశాడు. వేటకు పోయేవాడెవడూ తనను పడవకు కట్టేసుకోడు. పడవ తిరగబడితే తాడు ఈదనివ్వదు.

"ఏందన్నా ఇది?"

"మనది యాక్సిడెంట్ పాలసీ రా. రోగంతో పోతే రూపాయి రాదు. సముద్రంలో పోతే పది లక్షలు వస్తది," అన్నాడు హజరత్తయ్య. "శవం దొరక్కపోతే ఏడేళ్లు ఆగాలంట. అందుకని, పడవతో పాటు నేనూ ఒడ్డుకి రావాల."

రేవతి గొడ్డలి కోసం ఇసుకలో వెతుకుతోంది. పెంచలయ్యే ముందు అందుకున్నాడు. పడవ అడుగున బలం కొద్దీ దింపాడు. మళ్లీ దింపాడు.

"ఒరే, నీ పిల్లోళ్లకి కూడు యాడిది?" హజరత్తయ్య అరిచాడు.

పెంచలయ్య గొడ్డలి ఆపలేదు.

"ముందు ఆ తాడు విప్పన్నా."