గుడ్ల బండి దగ్గు

పికప్ బండి మళ్ళీ దగ్గింది. వెనక ట్రేలలో గుడ్లు టకటకమన్నాయి.

గుడ్ల వ్యాపారి మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపి దిగాడు.

"రోజుకో ట్రే పగులుతోందమ్మా. వారం నుంచి ఇంట్లో పొద్దున ఆమ్లెట్టు, రాత్రి ఆమ్లెట్టు. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, పిల్లలు పారిపోతున్నారు."

మెకానిక్ నవ్వుతూనే బానెట్ ఎత్తింది.

తండ్రి పోయాక ఆ షెడ్డు ఆమే నడుపుతోంది. ఈ ఆరు నెలల్లో చాలామందే బండ్లు ఆపారు. లోపల ఆడమనిషిని చూసి, "మేస్త్రి లేడా?" అని అడిగి వెళ్ళిపోయారు. నిలబడింది ఈయనొక్కడే.

"ఎప్పుడు దగ్గుతుంది బాబాయ్?"

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను? ఓసారి దగ్గుతుంది, ఓసారి దగ్గదు. ఇప్పుడు చూడు, డాక్టరు గుమ్మమెక్కగానే మాయమయ్యే పంటినొప్పిలాగ, ఎంత బుద్ధిగా ఉందో!"

నిజమే. ఇంజన్ సాఫీగా తిరుగుతోంది.

"మూడు రోజులు టైమివ్వండి."

"బుధవారం సాయంత్రం వస్తా. కాకపోతే వేరేచోట చూపించుకుంటానమ్మా, ఏమనుకోకు."

మూడో సిలిండర్ మధ్యమధ్య మండకుండా మిస్సవుతోందని స్కానర్ చూపించింది. ప్లగ్గులు మార్చింది. ప్లగ్గుకు కరెంటిచ్చే మూడో కాయిల్ తీసి ఒకటోదానికి పెట్టి చూసింది. గుడ్లకు బదులు ఇసుక బస్తాలు వేసుకుని ఊరంతా తిప్పితే రెండుసార్లు దగ్గింది. అదీ మూడోదే, అంటే తప్పు కాయిల్‌ది కాదు. షెడ్డుకు రాగానే నోరు మూసుకుంది.

ఆ మధ్యాహ్నమే ఓ పెద్దాయన వచ్చి బయట బల్ల మీద కూర్చున్నాడు. తెల్ల మీసం, చేతిలో గొడుగు. ఎండకు ఆగాడు కాబోలనుకుంది.

"అమ్మా, ఆ బండి వెళ్ళేటప్పుడు దగ్గుతుందా, తిరిగొచ్చేటప్పుడా?"

"మీకెందుకు తాతగారూ?"

"ఊరికే. తెలుసుకుందామని."

ఆయన వెళ్ళాక ఆమె వ్యాపారికి ఫోన్ చేసింది.

"వెళ్ళేటప్పుడే!" అన్నాడతను. "ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు చూడు."

అంటే సరుకు ఉన్నప్పుడే. ఆమెకు కాస్త ఉత్సాహం వచ్చింది.

మర్నాడు పెద్దాయన మళ్ళీ వచ్చాడు.

"బరువే కారణమైతే దారంతా దగ్గాలి కదమ్మా?"

ఆమె చేతిలో స్పానర్ ఆగింది. తను తిప్పినప్పుడు రెండుసార్లూ వంతెన ఎత్తు మీదే దగ్గింది. కానీ ఆ మాట ఆయనకు చెప్పలేదు. పని తెలియని మనిషి ముందు తేలిపోవడం ఇష్టం లేకపోయింది.

సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పి కడిగింది. పెట్రోల్ ఫిల్టర్ మార్చింది. వంతెన ఎక్కించింది.

దగ్గింది.

బుధవారం పొద్దున ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దాయన మాత్రం తీరిగ్గా గొడుగు మడిచి కూర్చున్నాడు.

"ఎత్తెక్కేటప్పుడు బానెట్ కింద ఏం జరుగుతుందో ఎవరైనా చూశారా అమ్మా?"

"పరిగెత్తే బండి బానెట్లో తల పెట్టి ఎవరు చూస్తారండీ?" ఆమె గొంతు లేచింది. "మూడు రోజుల నుంచి చెవిలో జోరీగలా ఒకటే ప్రశ్నలు! పొద్దుపోకపోతే బస్టాండులో కూర్చోండి. ఇది పనిచేసుకునే చోటు."

పెద్దాయన కోపగించుకోలేదు. లేచి, "అట్లాగేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమెకు అన్నం సయించలేదు. కసిరినందుకు కాదు. ఆ ప్రశ్న వదలడం లేదు.

నిజమే. ఎవరు చూశారు?

సాయంత్రం వ్యాపారి వచ్చాడు. ఆమె మొహం చూసే సంగతి గ్రహించినట్టు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"ఒక్క ఐదు నిమిషాలు బాబాయ్. మీరెక్కి కూర్చోండి. బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. బండి కదలకూడదు. కానీ కొండెక్కుతున్నాననుకోవాలి."

"అనుకోవాల్సింది నేనా, బండా?"

"బండి."

ఆమె పక్కగా నిలబడి టార్చి వేసింది.

క్లచ్ వదిలాడు. ఇంజన్ నిద్రలో ఒత్తిగిలినట్టు ఒక పక్కకు వాలింది. కింద దాన్ని మోసే రబ్బరు దిమ్మ అరిగిపోయింది. ఇంజన్ వాలగానే మూడో ఇంజెక్టర్ వైరు బట్టలారేసే తాడులా బిగుసుకుంది.

బండి దగ్గింది.

"మళ్ళీ!"

మళ్ళీ దగ్గింది.

వైరు పైకి చెక్కుచెదరలేదు. చాకుతో చీలిస్తే లోపల రాగి పోగులు తెగి ఉన్నాయి. ఇంజన్ కుదురుగా ఉంటే కొసలు ఆనుకుంటున్నాయి. వాలితే విడిపోతున్నాయి.

కొత్త వైరు కాస్త వదులుగా వేసింది. కొత్త దిమ్మ బిగించింది. గుడ్లతో వంతెన ఎక్కించారు. దగ్గు లేదు, టకటక లేదు.

"గడ్డివాములో సూదిని పట్టావమ్మా!" వ్యాపారి పొంగిపోయాడు. "రేపట్నుంచి ప్రతి కొట్లోనూ ఇదే చెప్తాను."

"నా గొప్పేం లేదు బాబాయ్. ఓ పెద్దాయన వచ్చి పిచ్చి ప్రశ్నలు వేసేవాడు. అందులో ఒకటి పట్టుకునే దొరికింది. పొద్దున్నేమో ఆయన్ని తరిమేశాను. తెల్ల మీసం, గొడుగు. మీరు అన్ని వీధులూ తిరుగుతారు కదా, కనిపిస్తే చెప్పండి. క్షమించమని అడగాలి."

వ్యాపారి బండి పక్కకు ఆపాడు.

"కనిపించడమ్మా. మధ్యాహ్నం బస్సుకే వాళ్ళూరు వెళ్ళిపోయాడు. మా మేనమామ. ఒకప్పుడు పెద్ద మేస్త్రి."

ఆమె గబుక్కున అతనివైపు తిరిగింది.

"ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడే ఆ వైరు మీద వేలు పెట్టి చూపించాడు. నువ్వే బాగుచెయ్యి మామయ్యా అంటే, 'ఊరంతా తిరిగి కబుర్లు చెప్పేవాడివి, నా శిష్యుడి కూతురి షెడ్డుకు తీసుకెళ్ళు, వైరు సంగతి మాత్రం నోరు జారకు, ఆ పిల్లే పట్టుకోవాలి' అన్నాడమ్మా."